మంచు లేదు గదా!



మన పల్లెలలో టైరు అంటే టైరే. ట్రాక్టరుదైనా, ఆటోదైనా, ఆర్టీసీ బస్సుదైనా మనము అడిగే ప్రశ్నలు రెండే. గాలి ఉన్నదా? గాడులు ఉన్నవా? గాడులు అరిగి నున్నబడితే రీట్రేడింగ్ షాపుకు పంపుతాము, అదీ కుదరకపోతే మార్చుతాము. “ఇది ఎండకాలపు టైరా, చలికాలపు టైరా?” అని మన వీధిలో ఎవరైనా అడిగితే నలుగురూ నవ్వుతారు. ఆ నవ్వు న్యాయమైనదే. కోస్తా జిల్లాలలో డిసెంబరు రాత్రి సైతము పాదరసము 15 డిగ్రీలకు దిగువకు పోవుట అరుదు. మే నెలలో 45 డిగ్రీలను తాకే ఊళ్లు మనకున్నవి. మన టైరు వేడిని ఎరుగును గాని చలిని ఎరుగదు.

అయితే నేడు మన పిల్లలు ఎక్కడ ఉన్నారు? మా పాస్టరేటులోని పది గ్రామములలో ఏ గ్రామమునకు వెళ్లినా, కొడుకో కూతురో అమెరికాలోనో కెనడాలోనో జర్మనీలోనో ఉన్న ఇల్లు కనబడుచున్నది. చదువుకు వెళ్లిన పిల్లవాడు ఉద్యోగము రాగానే మొదట కొనేది కారు. కుర్రవాడైతే అది కాస్త వేగముగా పోయే కారై ఉంటుంది. ఆ దేశములలోని రోడ్డు ప్రమాదములలో మన పిల్లలు పోయిన వార్తలు పత్రికలలో చదువుతూనే ఉన్నాము. అందుచేత టైరు అను ఈ చిన్న సంగతి మన కుటుంబములకు సంబంధించినదే అని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

బావమరిది కారు

2024 నవంబరు మాసములో మేము, మా ఇల్లాలు జర్మనీ దేశమునకు వెళ్లాము. దక్షిణాన స్టుట్‌గార్ట్ పట్టణమునకు కొంత దూరములో ఒక చిన్న ఊరిలో మా బావమరిది ఇంజనీరుగా పనిచేయుచున్నాడు. అతడు ఇంటర్మీడియెట్ మా ఇంటిలోనే ఉండి చదివినవాడు. ఆ దినములలో అతని రేకు పెట్టె మూత లోపలి భాగమంతా కార్ల బొమ్మలే. పత్రికలలోనుండి కత్తిరించి మైదా పిండితో అంటించేవాడు. మా ఇల్లాలు, “పెట్టెలో బట్టలకంటె కార్లెక్కువ” అని ఎగతాళి చేసేది.

ఆ బొమ్మలలోని కారువంటి కారు ఇప్పుడు అతని గ్యారేజీలో ఉన్నది. కొత్తది కాదు, ఒకరు వాడి అమ్మినది. రెండే తలుపులు. కూర్చుంటే నేలమీద చాపలో కూర్చున్నట్లుండును. ఇంజను ముందు, దాని బలమంతా వెనుక చక్రములకు. వెనుక టైర్ల వెడల్పు 265 మిల్లీమీటర్లు. మన ఊళ్లలో తిరిగే చిన్న కార్ల టైరు 145 నుండి 165 ఉంటుంది. “బావా, చూశారా?” అని టైరుమీద అరచేయి పెట్టి చూపించాడు. అతని ముఖములోని సంతోషము చూచి మేమూ సంతోషించాము. పదిహేనేళ్లు కోరుకొన్న వస్తువు కష్టార్జితముతో చేతికి వచ్చిన దినమున ఎవరికైనా అట్లే ఉండును.

ఆ ఇంటిలో మరియొక కారు కూడ ఉన్నది. అది అతని భార్య, మాకు చెల్లెలు వరుస, నడుపు చిన్న కారు. అక్టోబరులోనే ఆమె దానికి చలికాలపు టైర్లు వేయించినది. జర్మనీ వారికి ఒక వాడుక మాట ఉన్నదట. చలికాలపు టైర్లు అక్టోబరు నుండి ఈస్టరు వరకు అని. వారి భాషలో రెండు పేర్లకూ మొదటి అక్షరము ఒక్కటే గనుక పసిపిల్లలకు సైతము అది గుర్తుండును. కాని స్పోర్ట్స్ కారుకు మాత్రము వేసవి టైర్లే ఉన్నవి. చెల్లెలు రెండుసార్లు అడిగినది. అతడు చెప్పిన జవాబు ఒక్కటే: “మంచు లేదు గదా!”

ఆ ఆదివారము

మేము వెళ్లిన రెండవ ఆదివారము అక్కడికి 70 కిలోమీటర్ల దూరములో కొన్ని తెలుగు కుటుంబములు ఆరాధనకు కూడుకొనుచున్నవి. వాక్యము చెప్పుటకు మమ్మును పిలిచారు. ఉదయము ఎనిమిది గంటలకు ఎండ కాయుచున్నది. మంచు ఎక్కడా లేదు. కారులోని అంకె 2 డిగ్రీలు చూపించుచున్నది.

చిన్న కారులో అందరికీ చోటు ఉన్నది. అయినను మా బావమరిది, “బావా, మీరు నా కారులో రండి. అక్కా, మీరు ముగ్గురూ వెనుక రండి” అన్నాడు. మా ఇల్లాలు మెడకు శాలువా చుట్టుకొనుచు, “ఒరేయ్, ఆ అమ్మాయి టైర్ల సంగతి చెప్పిందిగా” అన్నది. “రోడ్డు పొడిగా ఉందక్కా. మంచు లేదు గదా!” అన్నాడు. నాలుగేళ్ల మేనల్లుడు మాతో ఎక్కుతానని మారాము చేశాడు. చెల్లెలు వానిని ఎత్తుకొని తన కారులోనే కూర్చుండబెట్టినది, ఒక్క మాట కూడ అనలేదు.

ఊరు దాటిన తరువాత రోడ్డు ఒక అడవి ప్రక్కగా కుడివైపుకు తిరుగును. అంతవరకు ఎండ పడిన రోడ్డు, అక్కడ చెట్ల నీడ. రాత్రి పొగమంచు తడి ఆరలేదు, రాలిన ఆకులు అంటుకొని ఉన్నవి. వేగము అరవై కిలోమీటర్ల దరిదాపు. మలుపు సగములో అతడు యాక్సిలరేటరు కొంచెము నొక్కాడు. ఆ దేశపు లెక్కలో అది ఎక్కువ కాదు. అంతే, కారు వెనుక భాగము మా వశము తప్పినది. ముందున్న పలకమీద పసుపుపచ్చని దీపము మిణుకుమిణుకుమన్నది. అతడు స్టీరింగు ఎదురు త్రిప్పాడు. కారు ఎదుటివారి దారిని అడ్డముగా దాటి, ఆవలి గడ్డిలోకి జారి, ఏటవాలుగా ఆగినది.

ఎవరికీ దెబ్బ తగలలేదు. మేమింకను సీటు బెల్టు విప్పక ముందే ఒక పాల ట్యాంకరు, మేము దాటిన ఆ దారినే ఎదురుగా వచ్చి వెళ్లిపోయినది. వాచీ చూడలేదు గాని, ఒక చిన్న వచనము చదువునంత సేపు కూడ గడిచియుండదు. చిన్న కారు వెనుకనే వచ్చుచున్నది. చెల్లెలు బ్రేకు వేసినది, అది అదే నీడలో, అదే తడిమీద తిన్నగా ఆగినది. ఇద్దరూ దిగి పరుగెత్తి వచ్చారు. మా ఇల్లాలు తమ్ముని చేయి పట్టుకొని మాటలాడలేకపోయినది. పిల్లవాడు మాత్రము కారు కిటికీలోనుండి, “నాన్నా, కారు గడ్డిలోకి ఎందుకు పెట్టావ్?” అని అడిగాడు. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు. స్పోర్ట్స్ కారును మెల్లగా ఇంటికి చేర్చి, అందరమూ చిన్న కారులో ఆరాధనకు వెళ్లాము. దారి పొడవునా ఎవరమూ ఎక్కువ మాటలాడలేదు.

పక్కింటి పెద్దాయన

ఆ సాయంకాలము పక్కింటి పెద్దాయన వచ్చాడు. ఆయన టైర్ల షాపులో చాలా ఏండ్లు పనిచేసి విశ్రాంతి తీసికొనిన మనిషి. జరిగినది విని కోప్పడలేదు. మమ్మును గ్యారేజీలోకి పిలిచి, స్పోర్ట్స్ కారు టైరుమీద గోరు నొక్కమన్నాడు. నొక్కాము. చెప్పు మడమవలె గట్టిగా ఉన్నది. తరువాత చిన్న కారు టైరుమీద నొక్కమన్నాడు. గోరు కొంచెము దిగినది. “అదే సంగతి” అన్నాడు. తక్కినదంతా మా బావమరిది తెలుగులో చెప్పుచుండగా విన్నాము.

రోడ్డు మన కంటికి నునుపుగా కనబడును గాని, దగ్గరగా చూస్తే చిన్న చిన్న రాళ్లు, గుంటలు. మెత్తని రబ్బరు ఆ గుంటలలోకి దిగి పట్టుకొనును. గట్టి రబ్బరు రాళ్ల కొనలమీదనే నిలుచును. వేసవి టైరు రబ్బరును వేడి రోడ్డుమీద, ఎక్కువ వేగములో గట్టిగా పట్టుకొనునట్లు కలుపుతారు. ఎండలో అది చక్కగా పట్టుకొనును. చలి పెరుగుకొలది అదే రబ్బరు బిగిసిపోవును. మన ఇళ్లలో చలికాలపు ఉదయమున కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టుట మనకు తెలియును. నూనె చెడిపోలేదు, చలికి దాని గుణము మారినది. రబ్బరు నూనెవలె ఒక్కసారిగా గడ్డకట్టదు, మెల్లమెల్లగా బిగియును. అందుచేతనే మనిషి మోసపోవును. నూనె గడ్డకడితే సీసా వంచగానే తెలియును. టైరు బిగిసిన సంగతి మలుపులో గాని తెలియదు.

చలికాలపు టైరు కలపడము వేరు. చలిలో సైతము మెత్తగా ఉండునట్లు అందులో సహజ రబ్బరు, సిలికా పాళ్లు కలుపుతారు. గాడులు లోతుగా ఉండును. ప్రతి ముక్కమీద బ్లేడుతో గీచినట్లు సన్నని కోతలు ఉండును. ఆ కోతలు తెరుచుకొని మంచును కరచి పట్టును. మంచు కప్పిన రోడ్డుమీద బ్రేకు వేస్తే, వేసవి టైరు కారు ఆగుటకు పట్టు దూరము చలికాలపు టైరు దూరమునకు సుమారు రెట్టింపు.

“మరి 7 డిగ్రీలు అంటారే?” అని మేము అడిగాము. ఆ దేశమున 7 డిగ్రీలకు దిగువన చలికాలపు టైరు వేయవలెనని అందరూ చెప్పుకొందురు. పెద్దాయన నవ్వి, అది గోడ కాదు, గుర్తు మాత్రమే అన్నాడు. మామూలు కారు మామూలు వేసవి టైరు 5 డిగ్రీల పొడి రోడ్డుమీద బాగానే ఆగవచ్చును. కాని స్పోర్ట్స్ కారు టైరు వేడిని మరింతగా నమ్ముకొని చేసినది. దానికి పట్టు రావలెనంటే అది నడకతో వేడెక్కవలెను. చల్లని రోడ్డు, చల్లని గాలి ఆ వేడిని ఎప్పటికప్పుడు లాగుకొనును. దానికితోడు తడి ఉంటే చెప్పనక్కరలేదు.

స్పోర్ట్స్ కారుకు ఇంకా కొన్ని చిక్కులున్నవి. ఇంజను బలము ఎక్కువ గనుక పాదము కొంచెము నొక్కినా వెనుక చక్రము రోడ్డును విడిచి తిరుగును. టైరు వెడల్పు ఎక్కువ గనుక బరువు ఎక్కువ చోటుమీద పంచబడి, మంచు బురద వచ్చినప్పుడు అది కోసుకొని పోక పైకి తేలును. గాలి సంగతి సరేసరి. చలి సుమారు 5 లేక 6 డిగ్రీలు పెరిగిన ప్రతిసారి టైరులో గాలి ఒక పౌండు తగ్గును. 25 డిగ్రీల దినమున పట్టించిన గాలి, సున్నా డిగ్రీల ఉదయమునకు 4 పౌండ్లు తక్కువగా ఉండును. ఇంకొక సంగతి విని మేము ఆశ్చర్యపోయాము. పందెములకు దగ్గరగా ఉండు కొన్ని వేసవి టైర్లను మైనస్ 7 డిగ్రీలకు దిగువన కదల్చవద్దని, కదిల్చితే రబ్బరు చిట్లవచ్చునని కార్లతో ఇచ్చు పుస్తకములలోనే వ్రాయుదురట.

“మరి ఆ పసుపు దీపము వెలిగిందే, కంప్యూటరు కాపాడదా?” అన్నాడు మా బావమరిది. పెద్దాయన చెప్పిన జవాబు మాకు నచ్చినది. ఇంటిలో ఉన్న బియ్యమును నలుగురికి సరిగా పంచుటకు తెలివిగల ఇల్లాలు కావలెను గాని, గింజ లేని ఇంటిలో ఆమె మాత్రము ఏమి పంచును? ఆయన బియ్యమని అనలేదు, రొట్టె అన్నాడు. సంగతి ఒక్కటే. కంప్యూటరు ఉన్న పట్టును పంచును, లేని పట్టును పుట్టించలేదు.

రబ్బరు పాత కథ

రబ్బరుకు చలితో ఉన్న ఈ వైరము కొత్తది కాదు. 1830ల నాటికి అమెరికాలో రబ్బరు బూట్లు, రబ్బరు కోట్లు చేసి అమ్మారు. అవి ఎండకు జిగురై కరిగినవి, చలికి బిగిసి పగిలినవి. చార్లెస్ గుడ్‌ఇయర్ అను ఆయన ఏండ్ల తరబడి దీనికి మందు వెదకాడు. అప్పుల పాలై చెరసాలకు కూడ వెళ్లాడు. 1839లో గంధకము కలిపిన రబ్బరును కాల్చితే అది ఎండకూ చలికీ ఓర్చుకొనునని కనుగొన్నాడు. 1844లో పేటెంటు పొందాడు. 1860లో చనిపోవునప్పటికి ఆయనకు మిగిలినవి అప్పులే. నేడు ఆయన పేరుతో ఉన్న టైర్ల కంపెనీ 1898లో ఇతరులు స్థాపించి, ఆయన గౌరవార్థము ఆ పేరు పెట్టినది. ఆయన మందు గొప్పదే గాని, ఏ రబ్బరూ అన్ని ఋతువులనూ ఒకే విధముగా ఓర్చుకొనదు. ఫిన్లాండు దేశమువారు 1934లోనే మంచుకు తగిన టైరును లారీలకోసము ప్రత్యేకముగా చేశారు. చలిలో పుట్టి పెరిగినవారికి ఆ అవసరము ముందుగా తెలిసినది.

చలి రబ్బరును ఏమి చేయునో లోకమంతా చూచిన దినము ఒకటున్నది. 1986 జనవరి 28న అమెరికా పంపిన ఛాలెంజర్ అంతరిక్ష నౌక 73 సెకన్లకే ఆకాశములో విచ్ఛిన్నమై ఏడుగురు చనిపోయారు. వారిలో క్రిస్టా మెక్ఆలిఫ్ అను బడిపంతులమ్మ కూడ ఉన్నది. ఆ ఉదయము చలి సుమారు 2 డిగ్రీలు. రాకెట్టు అతుకులలోని రబ్బరు వలయములు ఆ చలికి బిగిసి, సమయమునకు సాగి సందును మూయలేకపోయినవి. ముందు రాత్రి కొందరు ఇంజనీర్లు, ఇంత చలిలో వద్దని చెప్పారు. వారి మాట చెల్లలేదు. తరువాత విచారణ సభలో రిచర్డ్ ఫైన్‌మాన్ అను శాస్త్రజ్ఞుడు ఆ రబ్బరు ముక్కను నొక్కి పట్టి మంచునీళ్ల గ్లాసులో ముంచి తీసి, అది వెంటనే మునుపటి రూపమునకు రాకపోవుట అందరికీ చూపించాడు. అంత పెద్ద సంగతి ఒక గ్లాసు నీళ్లలో తేలినది.

చట్టము చెప్పనిది

మా బావమరిది చట్టమును మీరలేదు. ఈ మాట న్యాయముగా చెప్పవలెను. జర్మనీ చట్టము తేదీని చూడదు, రోడ్డును చూచును. రోడ్డుమీద మంచు, మంచు బురద, గడ్డకట్టిన నీరు ఉంటే చలికాలపు టైర్లు లేకుండ నడపరాదు. నడిపితే 60 యూరోల జరిమానా, లైసెన్సు లెక్కలో ఒక పాయింటు. 2024 అక్టోబరు 1 నుండి, మూడు శిఖరముల కొండలో మంచు రేకు గుర్తు ఉన్న టైర్లు మాత్రమే ఆ లెక్కకు వచ్చును. కెనడాలోని క్వెబెక్ రాష్ట్రము 2008 నుండి చలికాలపు టైర్లను తప్పనిసరి చేసినది. ఇప్పుడు అక్కడ డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు ఆ నియమము. అమెరికాలోని ఎక్కువ రాష్ట్రములలో మామూలు కార్లకు అట్టి నియమమే లేదు.

కాబట్టి ఆ ఆదివారము పోలీసు ఆపినా, మా బావమరిదిని ఏమీ అనలేడు. రోడ్డుమీద మంచు లేదు గదా! చట్టమునకు అది చాలును. రబ్బరుకు మాత్రము చాలలేదు.

డబ్బు ఎక్కడికి పోయినది

ఆ రాత్రి పిల్లవాడు నిద్రపోయిన తరువాత మా ఇల్లాలు తమ్ముని సూటిగా అడిగినది. “ఇంత కారు కొన్నవాడివి, టైర్లు ఎందుకు కొనలేదురా?” అతడు కాసేపు ఊరకుండి, తరువాత చెప్పాడు. ఆ వెడల్పు టైర్లు నాలుగు, వాటికి చక్రములు కలిపి వెయ్యి యూరోలకు పైమాట. సెప్టెంబరులో ఆ డబ్బు తీసి ప్రక్కన పెట్టాడు. అంతలో ఊరిలో తండ్రిగారు ఇంటి స్లాబు మొదలుపెట్టారు. సిమెంటుకు తక్కువ వచ్చినదని ఫోను చేశారు. ఇతడు ఆ డబ్బు పంపి, టైర్లను జనవరికి వాయిదా వేశాడు. ఈ సంగతి తండ్రిగారికి చెప్పలేదు, భార్యకూ చెప్పలేదు. “అడిగితే లేదనలేను గదక్కా” అన్నాడు.

మా ఇల్లాలు కండ్లు తుడుచుకొని, “స్లాబు రెండు నెలలు ఆగితే ఎవరికీ ఏమీ కాదురా. నాన్నకు ఈ మాట తెలిస్తే ఆ సిమెంటు బస్తా ముట్టుకునేవాడా?” అన్నది. చెల్లెలు లేచి వెళ్లి టీ పెట్టి తెచ్చినది. కోపమంతా ఆ మాటతో దిగిపోయినట్లు ఆమె ముఖము చెప్పినది. టైర్లు కొనకపోవుటకంటె, ఎందుకు కొనలేదో తనకు చెప్పకపోవుటే ఆమెను బాధించినది.

మార్గము చూపినది మరల ఆ పెద్దాయనే. టైర్లే కొననక్కరలేదన్నాడు. జర్మనీలో 1997 నుండి ఋతువుల నంబరు ప్లేటు అని ఒకటున్నది. ఏ నెల నుండి ఏ నెల వరకు కారు నడుపుదుమో ఆ అంకెలు ప్లేటు అంచున వ్రాయించుకొనవచ్చును. ఆ నెలలకే పన్ను, ఆ నెలలకే ఇన్సూరెన్సు. తక్కిన నెలలలో ఆ కారు రోడ్డుమీద తిరగరాదు, రోడ్డు ప్రక్కన నిలుపరాదు, సొంత స్థలములో ఉండవలెను. మా బావమరిది వారము తిరుగక ముందే దరఖాస్తు పెట్టి ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు ప్లేటు తీసికొన్నాడు. కారుకు గుడ్డ కప్పాడు. ఖర్చు పెరుగకపోగా తగ్గినది. 2025లో ఈస్టరు ఏప్రిల్ 20న వచ్చినది. ఆ సాయంకాలము ఫోనులో, కారు బయటికి తీశావా అని అడిగాము. “ఏప్రిల్ వచ్చింది గాని బావా, ఉదయాలు ఇంకా నాలుగు డిగ్రీలే. మధ్యాహ్నం ఎండొచ్చాక తీస్తున్నా” అన్నాడు.

ఫోనులో అడుగవలసిన మాటలు

చలి దేశములలో పిల్లలున్న తలిదండ్రులకు మా మనవి. “తిన్నావా నాన్నా?” అని రోజూ అడుగుతాము. అక్టోబరు రాగానే దానితోపాటు ఈ మాటలు కూడ అడగండి.

1. నీ కారుకు ఉన్నవి ఏ టైర్లు? అమెరికాలో ఇంటి కార్లకు ఎక్కువగా అన్ని ఋతువులకని చెప్పు టైర్లు వచ్చును గాని, స్పోర్ట్స్ కార్లు తరచుగా వేసవి టైర్లతోనే వచ్చును. పాత కారు కొన్న పిల్లవానికి ఈ సంగతి అమ్మినవాడు చెప్పకపోవచ్చును. టైరు ప్రక్కన కొండ, మంచు రేకు గుర్తు ఉన్నదో లేదో చూడమనండి.

2. గాడులు ఎంత లోతున్నవి? జర్మనీ చట్టము 1.6 మిల్లీమీటర్లు చాలునని చెప్పును గాని, చలికాలములో 4 మిల్లీమీటర్లకు తగ్గరాదని తెలిసినవారు చెప్పుదురు. టైరుమీద నాలుగు అంకెలుండును. మొదటి రెండు అది తయారైన వారము, తరువాతి రెండు సంవత్సరము. గాడులు ఉన్నను ముసలి టైరు బిగిసిపోవును.

3. గాలి ఎప్పుడు చూచినావు? చలి ముదిరిన ప్రతిసారి చూచుకొనవలెను.

4. నాలుగు టైర్లూ మార్చినావా? డబ్బు మిగులునని రెండే మార్చువారున్నారు. అప్పుడు కారు ఒక కొన పట్టుకొనును, మరియొక కొన జారును. అది మరింత అపాయము.

5. తప్పక వేసవి టైర్లతోనే పోవలసివచ్చిన చలి దినమున బస్సో రైలో ఎక్కగలవా? ఆ దేశములలో అవి ఉన్నచోట అది సిగ్గు కాదు.

అట్లే చలికాలపు టైర్లను వేసవిలో ఉంచుట కూడ తగదు. మెత్తని రబ్బరు వేడి రోడ్డుమీద త్వరగా అరుగును, బ్రేకు వేసినప్పుడు కారు ఆలస్యముగా ఆగును. ఏ టైరూ చెడ్డది కాదు. దేని కాలము దానిది.

మన దేశములో ఉన్నవారికి కూడ ఒక మాట. డిసెంబరు, జనవరి మాసములలో అల్లూరి సీతారామరాజు జిల్లా లంబసింగికి మోటారు సైకిళ్లమీద వెళ్లు కుర్రవాళ్లు ఎక్కువైనారు. అక్కడ కొన్ని ఉదయములు సున్నాకు దగ్గరగా దిగును. మన టైర్లు ఆ చలికి చేసినవి కావు. ఘాటు రోడ్డుమీద పొగమంచు తడి ఆరి, ఎండ పడిన తరువాత బయలుదేరితే పోయేదేమీ లేదు.

మరి చివరి మాట. పిల్లలు డబ్బు పంపినప్పుడు సంతోషించండి, అందులో తప్పు లేదు. సంతోషించిన తరువాత, “ఇది దేనికోసము పెట్టుకొన్న డబ్బురా?” అని ఒక్కసారి అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు. అడిగితే చెప్పుదురు. ఆ ఒక్క ప్రశ్నకు మనకు అయ్యే ఖర్చు ఫోను నిమిషము మాత్రమే.